గండి సత్రం కొలత

మళ్లీ ఎలక్షన్లు వచ్చాయి. పొద్దున లేచింది మొదలు మా వీధిలో జీపులే జీపులు. మైకుల గోలకు చెవులు దిబ్బళ్లు వేస్తున్నాయి. ఒక జీపు వాడు వచ్చి నాకు దండం కూడా పెట్టాడు. నీ దండం నాకెందుకయ్యా, ఆ పెట్రోలు ఎవరు పోయించారో చెప్పు అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. అడిగే మనిషినే అయితే ఈ కథ నేను రాయాల్సిన పనే ఉండేది కాదు.

నా పేరు ఆనందయ్య. ప్రొద్దుటూరులో ఒక శెనక్కాయల మండీలో పద్దెనిమిదేళ్లు గుమాస్తాగా చేసి, పోయినేడు చాలించుకున్నాను. జమ్మలమడుగు మిషన్ స్కూల్లో ఎనిమిదో తరగతి చదువు, ముత్యాల్లాంటి దస్తూరి, నోట్లో నాలుక లేనివాడన్న పేరు, ఈ మూడూ పట్టుకుని ఆ మండీలో చేరాను. మా షావుకారు నన్ను పనిలో పెట్టుకుంది మూడోదాన్ని చూసి. అది నాకు చాలా ఏళ్లకు గాని తెలిసిరాలేదు.

చెప్పబోయేది నా గురించి కాదు, ఖమర్‌బీ గురించి. ఆమె చనిపోయి మూడు నెలలైంది.

మా మండీకి పులివెందుల, సింహాద్రిపురం వైపు నుంచి బండ్ల మీద కాయలు వచ్చేవి. మిషన్లో పోస్తే గింజ విరుగుతుంది, విరిగిన గింజ విత్తనానికి పనికిరాదు. అందుకని జనవరి నుంచి మే దాకా అరవై మంది ఆడవాళ్లు వెనక రేకుల షెడ్లో కూర్చుని, బొటనవేలికి పాతగుడ్డ చుట్టుకుని చేత్తోనే ఒలిచేవాళ్లు. సాయంత్రం ఎవరి గింజలు వాళ్లు పడి అనే కొలపాత్రతో కొలిపించుకుని, పడికి ఒక అణా లెక్కన తీసుకుని ఇళ్లకు పోయేవాళ్లు.

ఖమర్‌బీ మొగుడు కమాల్ బాషా మా మండీలోనే హమాలీ. విషజ్వరం తగిలి వారం రోజుల్లో పోయాడు. కళ్లు కనిపించని అత్త చాంద్‌బీని ఈమె నెత్తిన పెట్టి పోయాడు. ఆమెకు ఇంత ముద్ద పెట్టాలి కదా, ఖమర్‌బీ కూడా షెడ్డుకు వచ్చి కాయలు ఒలవడానికి కూర్చుంది. అప్పట్లో కొలిచేవాడొకడు ఉండేవాడు. గింజలు పోస్తూ పోస్తూ పడిని ఠపీమని నేలకేసి కొట్టేవాడు. గింజలు దిగిపోయి ఇంకో గుప్పెడు పట్టేవి. రోజూ కొట్లాటే. ఒకరోజు ఆడవాళ్లంతా పని ఆపేసి, "ఖమరక్క కొలిస్తే మాకు పేచీ లేదు, ఈ సచ్చినోడు కొలిచేటట్టుంటే మేం రాము" అని తెగేసి చెప్పారు. షావుకారు ఒప్పుకున్నాడు.

అది మొదలు ఆమె చేతికే పడి. మొదటి పడి ఎత్తేటప్పుడు నోట్లోనే బిస్మిల్లా అనుకుని, పైకి మాత్రం అందరిలాగే ఒకటికి బదులు "లాభం" అనేది. తర్వాత రెండు, మూడు. పడిని కుదిపేది కాదు. నిండగానే అంచుమీద కట్టెతో ఒక్క గీత గీసేది. పక్కకు రాలిన గింజలు ఎవరివి వాళ్ల గంపలోకే. ఎంత పొద్దుపోయినా ఆ చెయ్యి తొందరపడేది కాదు. ఆడవాళ్లు గంపలు ఆమె ముందు పెట్టి, తమ పని కాదన్నట్టు కబుర్లలో పడేవాళ్లు. ఎన్ని పడులయ్యాయో ఆమె చెబితే సరే అని లేచేవాళ్లు. అంతగా నన్ను మా ఇంట్లోవాళ్లు కూడా నమ్మలేదు.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన రెండో ఏడు, యాభై అయిదులో, ఎలక్షన్లు వచ్చాయి. జనవరిలో ఒకనాడు షావుకారు నన్ను లోపలికి పిలిచాడు.

"ఆనందయ్యా, ఎలక్షన్ ఫండుకు అయిదువేలు ఇస్తానని మాటిచ్చినా. నా యింట్లోంచి తీసియ్యాలంటే అయ్యే పనేనా? రైతుల కాడ బస్తాకింత పట్టుకుంటాండాం. ఈ ఒలిచే ఆడోళ్ల కాడ గూడా ఏమన్నా సూడల్ల" అన్నాడు.

"వాళ్ల కాడ ఏముంటాది సామీ?" అన్నాను.

"దుడ్లు అడగమని ఎవురు చెప్పినారు? పడి మింద గీసేది మాని కుప్ప పోసి కొలిపించు. నెలన్నర. ఓట్లు అయిపోతానే మళ్లా మామూలే."

"ఒప్పుకోరు సామీ. రచ్చ చేస్తారు."

"జీపులకని చెప్తే ఒప్పుకోరు. గండిలో ఆంజనేయస్వామి కాడ సత్రం కట్టిస్తాండాం, శ్రావణ శనివారాలు పోయే ఆడోళ్లకు నీడ, అని చెప్పు. నేను చెప్తే అనుమానపడతారు. నువ్వు ఏసు మతమోడివి, ఆ స్వామితో నీకు పనిలేదు. నువ్వు చెప్తే నమ్ముతారు."

అప్పటికి నాకు నలుగురు పిల్లలు. ఇలా అంటే తప్పు చిన్నదవుతుందేమోనని ఎన్నోసార్లు అనుకుని చూశాను. కాలేదు. మరుసటి రోజు అరవై మంది ముందు నిలబడి ఆ మాట చెప్పాను. కొందరు అక్కడికక్కడే చేతులు జోడించారు. గురమ్మ అని, గట్టి నోరున్న మనిషి, "మా పేరు రాయి మింద ఏపిస్తారాప్పా?" అని అడిగింది. "ఎందుకు ఏపించరు? ప్రొద్దుటూరు ఆడోళ్లు కట్టించిన సత్రం అని రాపిస్తారు" అన్నాను. షావుకారు ఆ మాట చెప్పమనలేదు. అది నా సొంత తెలివి. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

ఖమర్‌బీ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. మా ప్రాంతంలో అది అంతే. పీర్ల పండక్కి గురమ్మలాంటి వాళ్లు బెల్లం తెచ్చి పోస్తారు, గండికి పోయేవాళ్ల చేతికి తురకల ఇళ్ల నుంచి కొబ్బరికాయకు డబ్బులు ఇచ్చి పంపుతారు. కానీ ఒకరి దేవుని లెక్క ఇంకొకరు అడగరు. అడిగితే మర్యాద కాదు. పైగా ఇంకొకరి దేవుని వాటా తన చేతిమీదుగా తక్కువైతే ఎంత పాపమో అని ఆమెకు భయం. ఇక చూసుకోండి, గింజ మీద గింజ నిలవనంత వరకు కుప్ప పోసేది. షావుకారు పక్కనుండి పోయించినా అంత పోయించేవాడు కాదు.

అయిదు పడులు కొలిస్తే ఆరో పడి కుప్పల్లోనే పోయేది. రోజుకు పది పడులు ఒలిచే మనిషికి దాదాపు రెండణాలు గాలికి. అయిదువేల ఫండులో అది ఏ మూలకు? రెండు జీపులు నెలన్నర తిరిగిన పెట్రోలు అయివుండొచ్చు. అంతే. ఆ మాత్రం పెట్రోలు తన జేబులోంచి పోయించుకోలేని మనిషి కాదు మా షావుకారు. ఉన్నవాడికి అది లెక్కలోకి రాని డబ్బు, లేనివాళ్లకు రాత్రి కూరాకు. అయినా తెచ్చింది మాత్రం లేనివాళ్ల దగ్గర్నుంచే. ఊరేగింపు రోజు ఆ ఆడవాళ్లనే పిలిచి, మనిషికి అర్ధరూపాయి, బొరుగుల పొట్లం చేతిలో పెట్టి జెండాలు పట్టించారు. అయ్యగారు ఎంత ధర్మాత్ముడో అని వాళ్లు దీవించుకుంటూ నడిచారు. పొట్లాలు పంచింది నేనే.

మావాళ్ల అభ్యర్థి గెలిచాడు. ఏడాది తిరక్కుండా షావుకారుకు రెండు లారీలకు పర్మిట్లు వచ్చాయి. ఇంటి మీద మేడ లేచింది. పడి మీద కుప్ప మాత్రం దిగలేదు. ఒకసారి ధైర్యం చేసి, "సామీ, ఎలక్షన్లు అయిపోయినాయి గదా" అని గుర్తుచేశాను. "మళ్లా రావా?" అన్నాడు. తర్వాత అణాలు పోయి పైసలు వచ్చాయి. అణాకు ఆరు పైసలు అని లెక్క కట్టారు. ఆ మిగిలిన పావు పైసా కూడా వాళ్లదే పోయింది.

అలా ఏడేళ్ల కుప్ప. అరవై ఒకటిలో శ్రావణమాసం వచ్చింది. గురమ్మకు ఆ ఏడు కొడుక్కి జబ్బు నయమై గండికి మొక్కు తీర్చుకోవాల్సి వచ్చింది. బస్సు పట్టుకుని పోయి వచ్చింది. సోమవారం ఉదయం ఖమర్‌బీ మండీకి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"అప్పా, సత్రం యాడ?" అంది.

నేను కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

"గురమ్మ ఆ పాపఘ్ని ఇసకలో ఎండకు మాడి వచ్చింది. మా సత్రం యాడుండాది అని గుడి కాడ అందరినీ అడిగిందంట. యా సత్రం, ఎవురి సత్రం అని నవ్వినారంట. నేను తలకాయ యాడ పెట్టుకోవల్లప్పా?"

చెప్పేశాను. ఫండు, జీపులు, పర్మిట్లు, అన్నీ. ఏడేళ్లు కడుపులో పెట్టుకున్నది బయటపడ్డాక నాకు కొంచెం తేలికైంది. ఆమె మొహం చూశాక ఆ తేలిక కూడా పోయింది. గోడ పక్క బస్తా మీద కూలబడి తన కుడిచేతి వైపే చాలాసేపు చూసుకుంది.

"వాళ్ల దేవుని లెక్క నేనడిగేదేందిలే అని నోరు మూసుకుంటి" అంది చివరికి. "నువ్వూ అడగలేవు, నేనూ అడగలేను. శానా బాగా ఎతికినాడప్పా మనిద్దర్నీ."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఆడోళ్లకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని అడిగింది.

"నేను చెప్తే నా పని పోతాది ఖమర్‌బీ" అన్నాను.

"నాది పోదా?" అంది. లేచి వెళ్లి తనే చెప్పింది, ఇల్లిల్లూ తిరిగి.

జనవరి వచ్చింది. కొత్త కాయలు వచ్చాయి, మళ్లీ ఎలక్షన్లూ వచ్చాయి. పని మొదలైన రోజు సాయంత్రం, గురమ్మ గంప ముందుకు జరపగానే ఖమర్‌బీ పడి నింపింది, కట్టె తీసుకుని అంచుమీద గీసింది, "లాభం" అంది. ఆ సాయంత్రం అరవై గంపలూ అలాగే కొలిచింది. ఆ సంగతి షావుకారు చెవిన పడటం ఎంతసేపు! మర్నాడు పొద్దున్నే వచ్చి, కుప్ప పోస్తే పోయి, లేకుంటే పడి కింద పెట్టి పో అన్నాడు. ఆమె పడి కింద పెట్టింది. ఆడవాళ్లంతా ఆమె వెంటే లేచి బయటికి వచ్చి, మండీ ముందర రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు.

మూడు రోజులు కూర్చున్నారు. పులివెందుల బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎడ్లు విప్పేసి బండ్లవాళ్లు తిట్టుకుంటున్నారు. రెండో రోజు ఎదుటి పార్టీవాళ్లు జెండాలు వేసుకుని వచ్చి, అక్కల్లారా చెల్లెళ్లారా అని మొదలుపెట్టారు. గురమ్మ లేచి, "ఆ జీపులో పెట్రోలు ఎవురు పోసినారో ముందు అది చెప్పి, తర్వాత మాట్లాడు నాయనా" అంది. జీపు తిప్పుకుని వెళ్లిపోయారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నవ్వు వచ్చింది. వెంటనే సిగ్గు వేసింది.

నాలుగో రోజు మావాళ్ల అభ్యర్థి ఊరేగింపు ఆ రోడ్డు మీదుగానే పోవాలి. షావుకారుకు ముచ్చెమటలు పోశాయి. దేవుడి పేరు చెప్పి ఎలక్షన్ డబ్బు లాగారని ఊరంతా తెలిస్తే అభ్యర్థి మొహం చూపించలేడు. మూడో రోజు పొద్దున తహసీల్దారు వస్తున్నాడని తెలియగానే షావుకారు నన్ను పక్కకు పిలిచాడు. "గీత కొలత ఇచ్చేస్తాం, పోతే పోనీ. గండి మాట మాత్రం మన నోట్లోంచి రాలేదు. కుప్ప ఆయమ్మే సొంతంగా పోసింది, మనకు తెలీదు. అర్థమైందా?" అన్నాడు. నేను తల ఊపాను. ఊపడమే కదా నాకు వచ్చింది.

తహసీల్దారు రోడ్డు మీదే కుర్చీ వేయించుకున్నాడు. "ఈ సత్రం సంగతి మీకు ఎవరు చెప్పారు?" అని ఖమర్‌బీని అడిగాడు.

"ఆనందయ్య చెప్పినాడు సార్" అంది.

"ఏమయ్యా?" అని ఆయన నా వైపు తిరిగాడు.

"నేను చెప్పలేదు సార్" అన్నాను.

ఆ మాట విన్నవాళ్లు అరవై మంది. ఏడేళ్ల కిందట ఆ సత్రం మాట నా నోటి నుంచి విన్నదీ వాళ్లే. షావుకారు చేతులు కట్టుకుని, "కొలిచే మనిషి చేసిన తప్పుకు మేం బాధపడుతున్నాం సార్. ఆమె తప్పుకుంటే ఈ పొద్దు నుంచే గీసి కొలిపిస్తాం" అన్నాడు. గురమ్మ మొహం ఎర్రగా చేసుకుని ఒక్క ఉదుటున లేచింది. "ఓ ఆనందయ్యా" అని నోరు తెరిచిందో లేదో, ఖమర్‌బీ ఆమె చెయ్యి పట్టుకుని గుంజి కూర్చోబెట్టింది.

"నేను తప్పుకుంటా సార్" అంది తహసీల్దారుతో. "గీసే కొలవల్ల అని ముందు కాగితం రాయండి. మీరు గూడా సంతకం పెట్టండి."

కాగితం రాసింది నేనే. ముత్యాల్లాంటి దస్తూరి అన్నాను కదా! షావుకారు సంతకం, తహసీల్దారు సంతకం, గురమ్మ వేలిముద్ర. మధ్యాహ్నానికి రోడ్డు ఖాళీ అయింది. మర్నాడు ఊరేగింపు పోయింది, నెల తిరిగేసరికి ఆయన గెలిచాడు కూడా. ఆడవాళ్లు పనిలోకి వెళ్లారు. ఖమర్‌బీ ఇంటికి వెళ్లింది.

ఆ తర్వాత ఆమె ఇంట్లోనే చింతపండు కొట్టి గింజ తీసే పని పెట్టుకుంది. కొలతలో వచ్చేదానికి అది సగం కూడా కాదు. ఏ మండీవాళ్లూ ఆమెను మళ్లీ పిలవలేదు. చాంద్‌బీ ఆ ఏడే పోయింది. పడిలో మోసం చేసిందని షావుకారు మనుషులు మొదట చెప్పారు, తర్వాత సంగతి తెలియనివాళ్లు చెప్పారు, ఆ తర్వాత అందరూ చెప్పారు. నోరు విప్పితే షావుకారు కాగితం చించేస్తాడని షెడ్డు ఆడవాళ్లు కాదనలేదు. "కుప్పల ఖమర్‌బీ" అని పేరు పడింది. అంతకుముందు పెళ్లిళ్లకు బియ్యం కొలవడానికి ఆమెనే పిలిచేవాళ్లు, అదీ మానేశారు.

రెండేళ్లకు గాని ఆమె ఇంటికి పోయే ధైర్యం చేయలేకపోయాను. గడప బయటే నిలబడి, "ఆ రోజు గురమ్మను ఎందుకు ఆపినావు?" అని అడిగాను. క్షమించమని అడగడానికి పోయి, ఇది అడిగాను.

ఆమె చింతపండు కొడుతూనే ఉంది. "నీ కోసరం అనుకుంటివా? నీ మింద కోపం నాకు పోలేదప్పా, పోదు గూడా" అంది. "గురమ్మ నోరు తెరిచింటే నువ్వు అబద్దమాడినావని తేలిపోయేది. సావుకారు ఎదురు తిరిగేవోడు. కాగితం వచ్చేది కాదు. ఇంగ నాలుగు దినాలు కూర్చుంటే పొయ్యిలో పిల్లి లేచేదా వాళ్లకు? వాళ్ల కూలి ఏడేండ్లు నా చేత్తోనే పాయె. నా పేరు పోయి కొలత నిలబడితే నిలబడనీలే అనుకుంటి."

ఆగి మళ్లీ అంది. "అట్లనుకుంటి గానీ, ఈ పేరు ఇంత బరువుంటాదని నాకు తెలీదప్పా. బజారుకు పోలేకుండా ఉండా."

నేను ఏదో అనబోయాను. "ఇంగ పో" అంది. వచ్చేశాను. ఊళ్లో నలుగురిలో నిజం చెప్పేయాలని ఆ రోజు గట్టిగా అనుకున్నాను. తర్వాత మా రెండోవాడి ఉద్యోగానికి షావుకారు ఉత్తరం కావాల్సి వచ్చింది.

పోయిన నవంబరులో ఖమర్‌బీ చనిపోయింది. నేను వెళ్లేసరికి మగవాళ్లు జనాజాను ఖబరస్తానుకు తీసుకుపోయారు. ఇంటి ముందు గురమ్మ ఒక్కతే గోడకానుకుని కూర్చుని ఉంది. పూర్తిగా తల నెరిసిపోయింది. ఆమె పక్కన ఇరవై ఏళ్ల కోడలుపిల్ల ఒకతి, అత్తను తోడుకుని వచ్చింది, ఏటా జనవరి రాగానే అదే షెడ్డులో ఒలవడానికి పోతోందట. ఆ పిల్లే ఊరికే ఉండలేక అడిగింది.

"అత్తా, కుప్పల ఖమర్‌బీ అంటే ఈమేనా? కొలతలో మోసం చేసి ఎల్లగొట్టించుకునిందంట గదా?"

గురమ్మ తలెత్తి నా మొహంలోకి చూసింది. చూస్తూనే ఉంది.

"మోసం చేసింది ఆమె కాదమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "గండి సత్రమని అబద్ధం చెప్పి కుప్ప పోయించింది నేను. ఆ తర్వాత నేను చెప్పలేదని అధికారి ముందర బొంకిందీ నేనే. ఆ కుప్ప మాన్పించింది ఖమర్‌బీ."

ఆ పిల్ల నన్నొకసారి, వాళ్లత్తనొకసారి చూసింది. ముసలాడు ఏందో మాట్లాడుతున్నాడు అనుకున్నట్టుంది. ఇంట్లో పనికి పొద్దుపోతోందని లేచి చీర కుచ్చెళ్లు దులుపుకుంది.

"కుప్ప కొలతేంది తాతా? మా షెడ్లో ఎప్పుడూ గీసే గదా కొలిచేది!" అంది.